సంఘపు బండ్లకు సాఫ్ట్‌వేరు: వంతును నిర్ణయించువారెవరు?

సంతలో ఎద్దును కొనబోవు రైతు దాని కొమ్ములకు పూసిన రంగును చూచి బేరము కుదుర్చుకొనడు. పళ్లు చూచును, నడిపించి చూచును, వీలైనచో కాడి కట్టించి రెండు సాళ్లు దున్నించి చూచును. సొంత డబ్బుతో ఎద్దును కొనునప్పుడు ఇంత జాగరూకతతో మెలగు మనము, సంఘపు డబ్బుతో కంప్యూటరు సాఫ్ట్‌వేరును కొనునప్పుడు మాత్రము, అమ్మువారు తెరమీద చూపిన రంగుల పటమును చూచి తల యూపుచున్నాము. ఈ నాలుగు మాటలు వ్రాయుటకు ఇదియే కారణము.

నేడు అనేక సహకార సంఘములు ట్రాక్టరులను, వరికోత యంత్రములను, మందు చల్లు యంత్రములను సభ్యులకు అద్దెకిచ్చు కార్యమును చేపట్టియున్నవి. కొన్ని బోరు మోటార్ల మరమ్మతునకును, మఱికొన్ని పాల సేకరణకును బండ్లు నడుపుచున్నవి. బండ్లు రెండు మూడుగా నున్నంతకాలము కార్యదర్శి జ్ఞాపకశక్తియు, గోడమీది నల్లబల్లయు చాలినవి. అవి ఆఱేడు కాగానే ఎవరు ఏ దినమున అడిగిరో, ఏ బండి ఎచ్చట నిలిచిపోయినదో, ఎన్ని గంటలకు డబ్బు రావలసియున్నదో తెలియక తగవులు బయలుదేరుచున్నవి. అంతట "బండ్ల పనిని నడుపుటకు ఒక సాఫ్ట్‌వేరును కొందము" అను ప్రతిపాదన పాలకవర్గముల ముందునకు వచ్చుచున్నది. దీనిని వ్యాపారులు ఫీల్డు సర్వీసు మేనేజిమెంటు సాఫ్ట్‌వేరని పిలుతురు.

దీని పనులు ఆఱు. సభ్యుడు అడిగిన కోరికను వ్రాసికొనుట. ఏ బండి ఏ పనికి ఎప్పుడు పోవలెనో నిర్ణయించుట. ఆ సంగతిని డ్రైవరు ఫోనునకు తెలుపుట. బండి ఎచ్చట నున్నదో చూపుట. పని ముగిసిన పిమ్మట గంటలు లెక్కించి రశీదు వ్రాయుట. ఆయిలు మార్చు గడువును, బీమా గడువును జ్ఞాపకము చేయుట. వీనిలో ఐదు గుమాస్తా పనులు. రెండవది మాత్రము గుమాస్తా పని కాదు, పెద్దమనుష్యుల పని. ఎవరి పొలము ముందు, ఎవరి పొలము వెనుక అను నిర్ణయ మందే యున్నది.

ఆ నిర్ణయమువలన కలుగు లాభనష్టములు రైతునకు చెప్పనక్కఱలేదు. కోతకు వచ్చిన వరి నాలుగు దినములు నిలిచి, ఆ లోపల వాన కురిసినచో చేను పడిపోవును, గింజ మొలకెత్తును, కొనుగోలు కేంద్రమున తేమ ప్రమాణము నూటికి 17 పాళ్లు గావున ధాన్యము అచ్చటనే కుప్పగా పడియుండును. సంవత్సరపు కష్టము నాలుగు దినముల వంతుమీద ఆధారపడియున్నది. కావున నా అభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాను. సంఘము కొనవలసినది వంతును దాచు సాఫ్ట్‌వేరు కాదు, వంతును అందఱకును చూపునట్టిది. ఆ వంతు నియమమును వ్రాయవలసినది సర్వసభ్య సమావేశము గాని, నగరమందలి విక్రేత గాదు.

నగరమనగానే అమీర్‌పేట జ్ఞప్తికి వచ్చును. మైత్రీవనము చుట్టునుగల మేడలలో కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములు అంతస్తు అంతస్తునను గలవు. మన యిండ్ల పిల్లలు ఎందఱో సంజీవరెడ్డి నగరము, బల్కంపేటలలోని హాస్టళ్లలో నుండి అచ్చట చదివి ఉద్యోగములు సంపాదించుకొనిరి. 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమైన నాటినుండి మియాపూరు దారియు, నాగోలు దారియు అమీర్‌పేటలోనే కలియుచున్నవి. అచ్చటికి ఒక్క స్టేషను దూరమున పంజాగుట్ట. ఈ ప్రాంతమున సాఫ్ట్‌వేరు అమ్ము చిన్న కార్యాలయములును గలవు. మా సంఘము పక్షమున మేము మువ్వురము పోయి, రెండు దినములు తిరిగి, నాలుగుచోట్ల ప్రదర్శనలు చూచితిమి. ఎవరి పేరును వ్రాయను. నిందించుట నా యుద్దేశము గాదు. వారు తయారుచేసినది నగరములో శీతల యంత్రములను, నీటి శుద్ధి యంత్రములను బాగుచేయు బండ్లకొఱకు. మేము పోయినది పొలములకొఱకు. లోప మచ్చటనే యున్నది.

మొదటి చోట చిరునామా అడిగిరి. ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడు వ్రాయనిదే తెర ముందునకు సాగదు. పొలమునకు ఇంటి నంబరు లేదు. సర్వే నంబరు కలదు, చెఱువు కట్ట దాటి కుడిచేతి డొంక కలదు. రెండవ చోట పనికి ఇంత అని ధర వ్రాయుటకే వీలున్నది. యంత్రపు గంటల మీటరు అంకెను పని మొదట ఒకసారి, చివర ఒకసారి వ్రాయుటకు చోటు లేదు. మూడవ చోట నేను అడిగిన ప్రశ్న యిది: "యంత్రము పొలమునకు చేరిన పిమ్మట వాన వచ్చి పని ఆగినచో ఏమి వ్రాయవలెను?" ఆ యువకుడు కొంతసేపు వెదకి, "కోరిక రద్దయినట్లు వ్రాయవచ్చును" అనెను. రద్దయిన రైతు మఱల అడిగినచో ఎచ్చట చేరునని అడిగితిమి. వరుస చివర, అని బదులు వచ్చినది. వాన కురియుట రైతు నేరమైనట్లు ఆ సాఫ్ట్‌వేరు అతనిని వెనుకకు నెట్టుచున్నది. నాలుగవ చోట మాత్రము వారు తమ తెరను మూసి, కాగితము తీసికొని మా పద్ధతిని వ్రాసికొనిరి. వారితో మాటలాడుట సాగుచున్నది.

బండ్లను పంపు విద్యలో మన తెలుగువారు క్రొత్తవారు గారు. పంజాగుట్టలోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ వాకిట కొంతసేపు నిలిచినచో 108 బండి వచ్చుట కనబడును. ఆ సేవ 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున హైదరాబాదునుండి ఆరంభమై పిమ్మట అనేక రాష్ట్రములకు ప్రాకినది. అందలి క్రమము సామాన్యమైనది. ఒక్కటే నంబరు. చదువు రానివారు సైతము తెలుగున చెప్పుకొనవచ్చును. ఫోను ఎత్తినవారు చోటును, ఆపదను తెలిసికొందురు. ఖాళీగానున్న సమీపపు బండిని పంపుదురు. ఫోను వచ్చిన వేళ, బండి కదలిన వేళ, చోటు చేరిన వేళ, ఆసుపత్రి చేరిన వేళ వ్రాయబడును. ఆ వేళలే ఆ సేవకు ప్రాణము. ఆలస్య మెచ్చట జరిగినదో, ఎవరివలన జరిగినదో వానివలన తెలియును.

పశువులకును ఇట్టి సేవ వచ్చినది. తెలంగాణమున 2017 సెప్టెంబరులో 100 సంచార పశువైద్య వాహనములు 1962 నంబరుతో బయలుదేరినవి. ఆంధ్రప్రదేశమున 2022 మే నెలలో మొదటి విడతగా 175 వాహనములు అదే నంబరుతో వచ్చినవి. రైతు తన గేదెకు జబ్బు చేసినప్పుడు ఏ తెరయు తెఱవలేదు, ఏ రహస్య పదమును గుర్తుంచుకొనలేదు. ఫోను చేసి చెప్పెను. మన సంఘములు దీనినుండి నేర్వదగినది, సభ్యునకు సులభమును, లెక్కకు కచ్చితమును ఒక్కచోటనే యుండవచ్చుననుట. అడిగిన వేళ, బండి కదలిన వేళ, పొలము చేరిన వేళ, పని ముగిసిన వేళ: ఈ నాలుగింటిని వ్రాయలేని సాఫ్ట్‌వేరు ఎంత సొగసైనదైనను మనకు వలదు.

ఐతే ఒక భేదమును మఱవరాదు. ప్రాణాపాయమున సమీపపు బండిని పంపుటయే న్యాయము. కోతలలో సమీపమే న్యాయము గాదు. ఊరికి ఆనుకొని యిరువది ఎకరములుగల ఆసామి యొకడు, వాగు ఆవల నాలుగు కిలోమీటర్ల దూరమున ఎకరమున్నర గల రైతు ఒకడు ఉన్నారనుకొందము. డీజిలు తక్కువగు దారిని వెదకు సాఫ్ట్‌వేరు ప్రతి ఉదయమును ఆసామి పొలమునే ముందు చూపును. దానికి పక్షపాతము లేదు. దానికి అప్పగించిన లెక్క అది. కాని ఫలితము పక్షపాతము చేసినట్లే యుండును. పైగా పూర్వము కార్యదర్శిని నిలదీసి అడుగుటకు వీలుండెను. ఇప్పుడు "కంప్యూటరు అట్లు చూపినది" అను మాటకు ఎదురుచెప్పువా రుండరు. డీజిలు ఆదా యగుట మంచిదే. ఆ ఆదాకు మూల్యము చెల్లించువాడు ఎల్లప్పుడును వాగు ఆవలి రైతే కావలెనా యనునది సభ్యులు తేల్చుకొనవలసిన ప్రశ్న.

చెఱువు క్రింద నీటి వంతును పంచుటలో మన పెద్దలకు గల అనుభవము ఇచ్చట ఉపకరించును. తూము వద్ద నీరడి నీరు వదలునప్పుడు ఎవరి వంతు ఎప్పుడో ఆయకట్టు రైతు లందఱకును తెలిసియుండెడిది. వంతు తప్పినచో నలుగురును చూచెడివారు. ఆ బహిరంగతయే న్యాయమునకు కావలియుండెను. యంత్రముల వంతునకును అట్టి నియమమును ముందుగా కాగితముమీద వ్రాసికొనుడు. గ్రామపు భూములను నాలుగైదు భాగములుగా విభజించి భాగమునకు దినములు కేటాయింపుడు. బండి అనవసరముగా తిరుగుట అందువలన తగ్గును. ఈ వానకాలము పై భాగము మొదలైనచో వచ్చు యాసంగికి క్రింది భాగము మొదలు కావలెను. భాగములోపల అడిగిన తేదీయే వరుస. పడిపోయిన చేనునకు ముందు వంతు. వానచేత ఆగిన పని వరుసలో తన చోటును పోగొట్టుకొనరాదు. వంతును మార్చినచో ఎవరు మార్చిరో, ఎందులకు మార్చిరో వ్రాయవలెను. ప్రతి సాయంకాలము మఱునాటి వరుసను అచ్చుతీసి సంఘపు గోడకు అంటింపవలెను. ఈ నియమములను విక్రేతకు చూపి, "మీ సాఫ్ట్‌వేరు వీనిని పాలించునా?" అని అడుగుడు. నియమము లేకుండ సాఫ్ట్‌వేరును కొనుట ఆలు లేక చూలు లేక కొడుకు పేరు సోమలింగ మనుటయే.

రెండవ ముఖ్య విషయము పద్దు ఎవరి సొత్తు అనునది. 108 సేవను స్థాపించినది సత్యం కంప్యూటర్సు అధిపతియగు బి. రామలింగరాజు కుటుంబము. 2009 జనవరి 7న ఆయన తన కంపెనీ లెక్కలలోని మోసమును తన లేఖయందే ఒప్పుకొనెను. దేశదేశముల పేరుగాంచిన కంపెనీ ఒక్క దినమున తలక్రిందులైనది. ఐనను 108 బండ్లు ఆగలేదు. సేవను నడుపు సంస్థ కంపెనీనుండి వేఱుగా నుండెను. ప్రభుత్వపు ధనసహాయము ఉండెను. ఆ సంవత్సరమే జి.వి.కె. వారు నిర్వహణ భారమును స్వీకరించిరి. అంత పెద్ద కంపెనీకే అట్టి దినము వచ్చినప్పుడు, అద్దె గదిలోని చిన్న విక్రేత వచ్చు సంవత్సరము ఉండునో లేదో ఎవరు చెప్పగలరు? ఆతడు చెడ్డవాడు కానక్కఱలేదు. వ్యాపారము మూతపడిన చాలును. ఆ దినమున మన వంతుల పద్దు, బాకీల పద్దు ఆతనితోకూడ పోరాదు.

కావున ఒప్పందముననే ఈ సంగతులు వ్రాయింపుడు. పద్దంతయు ప్రతి నెలయు ఎక్సెల్ పట్టికలుగా దింపుకొని సంఘపు కంప్యూటరులో దాచుకొనుటకు హక్కు ఉండవలెను. ఈ పనిని ప్రదర్శన దినముననే మీ యెదుట చేయించి చూడుడు. సభ్యులు పిలుచు ఫోను నంబరు సంఘము పేరనే ఉండవలెను. సభ్యుల ఫోనులకు సంక్షిప్త సందేశములు పంపుటకు ట్రాయి నియమముల ప్రకారము పంపువారి పేరును, సందేశపు నమూనాను ముందుగా నమోదు చేయవలసియున్నది. అదియును సంఘము పేరనే జరుగవలెను. ఒప్పందము ముగిసినచో ముప్పది దినములలో పద్దును పూర్తిగా అప్పగించి, తమ వద్ద నున్న ప్రతిని చెఱిపివేయవలెను. సభ్యుల నంబర్లను మందుల వ్యాపారులకు గాని, అప్పులిచ్చు కంపెనీలకు గాని ఇయ్యరాదు. ఏ పనికొఱకు సమాచారము తీసికొనిరో ఆ పనికే వాడవలెనను సూత్రమును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టమును చెప్పుచున్నది.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములవారు మఱియొక సంగతిని గమనింపవలెను. దేశమందలి 63 వేల సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూనులో ఆమోదించినది. నాబార్డు ఆధ్వర్యమున ఒక ఉమ్మడి సాఫ్ట్‌వేరు అందులకు ఏర్పడినది. సంఘపు రొక్కపు లెక్క ఆ పద్దునందే ఉండవలెను. బండ్ల సాఫ్ట్‌వేరు వేఱొక రొక్కపు పుస్తకమును సృష్టించినచో ఏడాది చివర రెండును సరిపడక ఆడిటరు ముందు చిక్కు కలుగును. బండ్ల వసూలు మొత్తములు దినదినమును ప్రధాన పద్దునకు చేరు మార్గమును ముందే అడిగి తెలిసికొనుడు.

ఇక పొలమున పని జరుగు తీరు. జి.పి.ఎస్. పరికరము తన చోటును ఉపగ్రహములవలన తెలిసికొనును. దానికి ఫోను సిగ్నలు అక్కఱలేదు. కాని ఆ చోటును సంఘ కార్యాలయమునకు తెలుపుటకు సిగ్నలు కావలెను. గుట్టల చాటున, వాగుల వెంబడి అది తఱచుగా దొరకదు. సిగ్నలు లేనప్పుడును డ్రైవరు తన ఫోనులో వేళలను, మీటరు అంకెను వ్రాయుటకును, సిగ్నలు రాగానే అవి తమంతట కార్యాలయమునకు చేరుటకును వీలుండవలెను. తెర తెలుగున ఉండవలెను. డ్రైవరు తొడుగుకొన్న చేతితొడుగు తీయకయే నొక్కదగినంత పెద్ద గుఱుతులుండవలెను. రశీదు తెలుగున రావలెను. పెద్ద ఫోను లేని సభ్యుడు కార్యాలయమునకు మామూలుగా మాటలాడి వంతు వ్రాయించుకొనగలగవలెను. అట్టివానికి వరుసలో ఏ విధమైన తక్కువయు ఉండరాదు.

ధర విషయమున తొందరపడరాదు. వ్యాపారులు తఱచుగా తలకు నెలకు ఇంతయని అడుగుదురు. ఉదాహరణమునకు ఆఱు బండ్లు గల సంఘమున డ్రైవర్లు, సహాయకులు, కార్యాలయమువారు కలిసి పండ్రెండుగు రనుకొందము. తలకు నెలకు 800 రూపాయలైనచో సంవత్సరమునకు 1,15,200 రూపాయలగును; నూటికి 18 వంతున జి.ఎస్.టి. చేర్చినచో 1,35,936 రూపాయలు. కోతలు సంవత్సరమునకు రెండు కారులలో కొన్ని వారములు మాత్రమే. సొమ్ము మాత్రము పండ్రెండు నెలలకును పోవును. కావున తలకు గాక బండికి ధర అడుగుడు. పని లేని నెలలకు తగ్గింపు అడుగుడు. ముంబయిలోని ఫ్రాపే వారి ఈ.ఆర్.పి.నెక్స్ట్ వంటి సాఫ్ట్‌వేరుల మూలము అందఱకును ఉచితముగా దొరకును. కాని దానిని నిలిపి, నడిపి, బాగుచేయు మనిషికి జీతమియ్యవలెను. ఉచితమైన లేగదూడకును మేత కావలెను గదా.

డ్రైవర్ల మాటయు చెప్పవలసియున్నది. బండి జాడ తెలిసికొనుట సంఘమునకు అవసరము. మనిషి జాడ తెలిసికొనుట అవసరము గాదు. పని ముగిసిన పిమ్మట డ్రైవరు సొంత ఫోను అతని సొంతము. పరికరమును బండికి అమర్చుడు; డ్రైవరు జేబునకు గాదు. అనుమానించుటకై తెచ్చిన పరికరమును పనివాడు ఏదో యొక దినమున చెడగొట్టును. అదే పరికరము, ఆసామి యొకడు "మూడు గంటలే కోసితివి" అని వాదించినప్పుడు నాలుగు గంటల సాక్ష్యమిచ్చి డ్రైవరును కాపాడినచో, అతడే దానిని జాగ్రత్తగా చూచుకొనును.

"ఇంత తెలిసికొనుట మావల్ల నగునా?" అని కొందఱు అడుగవచ్చును. అమీర్‌పేటలో చదివి వచ్చిన మన గ్రామపు యువతీయువకులు ఊరూర నున్నారు. అట్టివారిలో ఒకరికి సంఘము తగిన రుసుమిచ్చి, విక్రేతవద్ద దళారీ సొమ్ము తీసికొనకుండునట్లు వ్రాయించుకొని, సాఫ్ట్‌వేరును పరీక్షింపుమని అప్పగింపవచ్చును. మన పిల్లల విద్య మన సంఘమునకు ఉపకరింపనిచో దాని ఫలము సగమే.

మూడు బండ్లకు లోబడిన సంఘములకు నా సలహా వేఱు. మీరిప్పుడేమియు కొనవలదు. రెండు కారులు వంతుల పుస్తకమును నియమముగా వ్రాసి, నాలుగు వేళలను గుర్తించి, గోడకు అంటింపుడు. పుస్తకమున నిలువని క్రమము కంప్యూటరునందును నిలువదు. పెద్ద సంఘములవారు సంవత్సరపు ఒప్పందము చేసికొనక, రెండు బండ్లతో ఒక్క కోత కాలము పరీక్షింపుడు; అంతవఱకు పాత పుస్తకమును మూయకుడు. కోతలు ముగిసిన పిమ్మట రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి, సర్వసభ్య సమావేశమున ఒక్క ప్రశ్న అడుగుడు: వాగు ఆవలి రైతు ఈసారి ఎన్ని దినములు వేచియుండెను?

ఆ ప్రశ్నకు పద్దు తెఱచి వెంటనే బదులు చెప్పగల సాఫ్ట్‌వేరును కొనుడు. బదులు చెప్పలేనిది ఎంత చౌకయైనను మనకు ప్రియమే. సభ్యులారా, వచ్చు సమావేశమునకు వంతుల నియమమును ముందు చర్చకు పెట్టుడు. కొనుగోలును ఆ తరువాత పెట్టుడు.